వాన వెలిసిన రాత్రే అసలు గండం: కొండ తోటల్లో వసంతం చివరి ఫ్రాస్ట్

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కొండ వాలు మీద తోట. ఆపిల్ చెట్లు పూతలో ఉన్నాయి, కింది మడుల్లో టమాటా నారు, బంగాళాదుంప వేశారు. వసంతం చివరికొచ్చింది కదా, ఇంకేం చలి అనుకున్నారు. రెండు రోజులు వాన, మధ్యలో వడగళ్లు, చల్లగాలి. మూడో రోజు మబ్బు విడిచి ఎండ కాసింది. ఆ రాత్రికి కనిష్ఠం 3 డిగ్రీలని యాప్ చూపించింది. పొద్దున్నే చూస్తే టమాటా మొత్తం ఉడకబెట్టిన ఆకుకూరలా వాలిపోయింది. మీకన్నా ఎత్తులో ఉన్న పక్క తోటకు మాత్రం ఏమీ కాలేదు. యాప్ తప్పు చెప్పిందా, ఈ గండం ఇంకెన్నాళ్లు, మళ్లీ వస్తే ఏం చేయాలి, ఎండిన మొక్కల్ని పీకేయాలా అని అడిగారు.

ముందు యాప్ సంగతి. అది తప్పు చెప్పి ఉండకపోవచ్చు. వాతావరణ శాఖలు చెప్పే ఉష్ణోగ్రత నేల మీది ఉష్ణోగ్రత కాదు. నేలకు ఒకటింబావు నుంచి రెండు మీటర్ల ఎత్తున, గాలి ఆడే తెల్లటి పెట్టె లోపల, నీడలో పెట్టిన థర్మామీటర్ చూపించే అంకె అది. మీ టమాటా నారు జానెడు ఎత్తే ఉంది. గాలి లేని తేట రాత్రి ఆ రెండు మీటర్ల తేడాలోనే 3 నుంచి 5 డిగ్రీలు తగ్గిపోవడం మామూలే. అంటే పెట్టెలో 3 ఉన్నప్పుడు ఆకు మీద సున్నా కన్నా దిగువకు పోయిందన్నమాట. అందుకే కొన్ని దేశాల్లో ఫ్రాస్ట్‌ను, అంటే నీటిని గడ్డకట్టించే చలిని, పెట్టె ఎత్తున వస్తే గాలి ఫ్రాస్ట్, నేల దగ్గర వస్తే నేల ఫ్రాస్ట్ అని రెండుగా చెబుతారు. మన యాపుల్లో ఆ తేడా కనబడదు.

ఇక్కడ భాష కూడా మనల్ని కాస్త ఇబ్బంది పెడుతుంది. తెలుగులో ఆకాశం నుంచి రాలిపడేదీ మంచే, పొద్దున గడ్డి మీద మెరిసే నీటి చుక్కలూ మంచే, దారి కనిపించకుండా కమ్మేదీ మంచే. పంటను కాల్చేది మాత్రం వీటిలో ఏదీ కాదు. ఆకు, మొగ్గ తన వేడిని ఆకాశానికి పోగొట్టుకుని లోపలి నీరు గడ్డకట్టడం అది. అందుకే నేను ఫ్రాస్ట్ అనే మాటే వాడుతున్నాను. ఆకాశం నుంచి మంచు రాలిన రోజుకన్నా ఏమీ రాలని తేట రాత్రి ఎక్కువ ప్రమాదమని కొత్తవాళ్లకు నమ్మించడం కష్టం. వాన, గాలి, చలి ఉన్న రోజున అందరూ భయపడతారు. ఎండ కాయగానే ఊపిరి పీల్చుకుంటారు. దెబ్బ పడేది అప్పుడే.

ఆ మూడు రోజుల్లో ఏం జరిగిందో చూడండి. వసంతం చివర్లో ధ్రువం వైపు గాలి ఇంకా చల్లగానే ఉంటుంది, భూమధ్యరేఖ వైపు గాలి బాగా వేడెక్కి ఉంటుంది. రెండింటి మధ్య పైయెత్తున వీచే జెట్ గాలి వంకర్లు తిరుగుతుంది. ఆ వంకరలో ఒక చల్లటి ముద్ద తెగిపడి కొండల మీదికి వస్తుంది. హిమాలయాల్లో అయితే పడమటి నుంచి వచ్చే పశ్చిమ అలజడుల రూపంలో, ఆల్ప్స్‌లో అయితే ఉత్తరం నుంచి దిగే చల్లటి గాలుల రూపంలో ఇదే కథ. పైన గాలి చల్లగా, కింద నేల ఎండకు వేడిగా ఉంటే మధ్యాహ్నానికల్లా మేఘాలు నిలువుగా పెరిగి ఉరుములు, వడగళ్లు. మీరు చూసింది ఇదే. అప్పటికి మబ్బు దుప్పటిలా ఉంది కాబట్టి రాత్రి చలిగా ఉన్నా ఫ్రాస్ట్ రాలేదు. తర్వాత ఆ చల్లటి ముద్దతో వచ్చిన అల్పపీడనం దాటిపోయింది. వెనకాలే పొడిబారిన చల్లగాలి వచ్చి నిలిచింది, ఒత్తిడి పెరిగింది, మబ్బు పోయింది, సాయంత్రానికి గాలి కూడా పడిపోయింది. చల్లగాలి, తేట ఆకాశం, కదలని చెట్లు. ఈ మూడూ ఒకే రాత్రి కలిశాయి.

నేను యాప్‌లో చలి రోజులకన్నా వాన ఆగే రోజును ముందు వెతుకుతాను. వాన ఆగిన మొదటి రాత్రి ఇంకా కాస్త గాలి, మబ్బు తునకలు ఉంటే తప్పించుకోవచ్చు. ఎక్కువసార్లు రెండో రాత్రి పట్టుకుంటుంది. ఆ సాయంత్రం పొద్దు గూకాక పొయ్యి పొగ నిలువుగా లేచి, కొంత ఎత్తున ఆగి, పక్కకు చాపలా పరుచుకుందంటే చలి కింద చేరడం మొదలైందని అర్థం. దూరపు కొండలు గీత గీసినట్టు స్పష్టంగా కనిపిస్తే గాలిలో తేమ తక్కువ. చీకటి పడగానే వేళ్లు కొంకర్లు పోతుంటే ఇక చెప్పనక్కర్లేదు.

దీనికి మినహాయింపు ఒకటుంది. కొన్నిసార్లు ధ్రువపు గాలి జోరుగా వీస్తూనే సున్నా కిందికి తీసుకుపోతుంది. మబ్బు ఉన్నా, గాలి ఉన్నా ఆగదు, పగలు కూడా కోలుకోదు. దాన్ని ఎదుర్కోవడానికి చిన్న తోటలో చేయగలిగింది చాలా తక్కువ. అదృష్టంకొద్దీ వసంతం చివరికి అలాంటివి అరుదవుతాయి. మీకు వచ్చింది మొదటి రకం, అంటే నేల వేడి ఆకాశంలోకి పోయే రకం. దానితో కొంత బేరం ఆడవచ్చు.

ఆ బేరానికి పనికొచ్చే అంకె డ్యూ పాయింట్. కనిష్ఠ ఉష్ణోగ్రత కన్నా నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను. గాలిని చల్లబరుస్తూ పోతే ఏ డిగ్రీ దగ్గర దానిలోని తేమ నీరుగా మారడం మొదలవుతుందో అది డ్యూ పాయింట్. అంత దాకా ఉష్ణోగ్రత జారుడుబండ మీదలా దిగుతుంది. తేమ నీరుగా మారడం మొదలయ్యాక ఒక్కో గ్రాముకు సుమారు 2,500 జౌళ్ల (జౌల్ అంటే వేడిని కొలిచే కొలత) వేడి బయటికి వస్తుంది, జారుడు నెమ్మదిస్తుంది. అది గోడలా పూర్తిగా ఆపదు, బ్రేకులా పట్టుకుంటుంది. సాయంత్రం గాలి 8 డిగ్రీలు ఉందనుకుందాం. తేమ 85 శాతం ఉంటే డ్యూ పాయింట్ 5 డిగ్రీల పైన ఉంటుంది, ఆ రాత్రి నిద్రపోవచ్చు. అదే 8 డిగ్రీలకు తేమ 50 శాతమే ఉంటే డ్యూ పాయింట్ సుమారు మైనస్ 2. అంటే సున్నా దాటి కిందికి పోయేదాకా బ్రేకు పడదు. రెండు సాయంత్రాలూ ఒంటికి ఒకేలా ఉంటాయి, తెల్లారేసరికి తోట మాత్రం ఒకేలా ఉండదు.

ఇంకో విచిత్రం. తేమ ఉన్న గాలిలో వచ్చిన ఫ్రాస్ట్ తెల్లగా, పొడి చల్లినట్టు కనిపిస్తుంది. మరీ పొడి గాలిలో ఆకు మీద తెల్లదనమే ఉండదు. పొద్దున అంతా మామూలుగా కనిపిస్తుంది, పదింటికల్లా ఆకులు నల్లబడతాయి. దాన్ని నల్ల ఫ్రాస్ట్ అంటారు. మీ తోటలో తెల్లగా ఏమీ కనిపించలేదు, అయినా మాడింది, తెగులేమో అని మీ ప్రశ్న చివర రాశారు. తెగులు అయ్యుండదు. ఒక్క రాత్రిలో, ఒకే ఎత్తులో ఉన్న మొక్కలన్నీ ఒకేసారి పోతే ముందు ఫ్రాస్ట్‌నే అనుమానించాలి.

ఇక పైన ఉన్న పక్కతోట ఎందుకు బతికిందన్న సంగతి. కొండ ప్రాంతంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇది, కాస్త ఎక్కువ రాస్తే ఓర్చుకోండి.

పగలు ఎత్తుకు పోయేకొద్దీ చల్లబడుతుంది, సగటున వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీలు. అందరికీ తెలిసిందే. తేట రాత్రి మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. వాలు మీది నేల చల్లబడుతుంది, దాన్ని తాకిన గాలీ చల్లబడి బరువెక్కుతుంది. బరువెక్కిన గాలి నీళ్లలాగే పల్లానికి పారుతుంది. నీళ్లంత వేగంగా కాదు, తేనె జారినట్టు నింపాదిగా. పారి పారి లోయ అడుగున, గుంటల్లో, గట్ల వెనక మడుగు కడుతుంది. వేడి గాలి దాని పైన తేలుతుంది. కాబట్టి ఆ రాత్రి లోయ అడుగు అన్నిటికన్నా చల్లన, వాలు నడుమ వెచ్చన, మరీ పైన శిఖరం మళ్లీ చల్లన. వాలు నడుమ ఉన్న ఆ వెచ్చటి పట్టీలోనే పాత తోటలు ఎక్కువగా ఉంటాయి. అనుభవంతో కనిపెట్టిన చోటు అది. మీ పక్కతోట ఆ పట్టీలో ఉంది, మీ కింది మడులు మడుగులో మునిగాయి.

ఈ మడుగు ఎంత దూరం పోగలదో చూపే చోట్లు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. ఆస్ట్రియాలో లున్జ్ దగ్గర గ్రూన్‌లోఖ్ అనే గిన్నెలాంటి పల్లం ఉంది. ఎత్తు 1,270 మీటర్లే, పెద్ద శిఖరమేమీ కాదు. 1928 నుంచి 1942 దాకా అక్కడ కొలిచినప్పుడు శీతాకాలంలో మైనస్ 50 కన్నా దిగువకు పోయింది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో పీటర్ సింక్స్ అనే మరో గుంట, 1985 ఫిబ్రవరి 1న మైనస్ 56 చూసింది. రెండు చోట్లా చూడాల్సింది చెట్లను. మామూలు కొండ మీద కింద అడవి, పైన గడ్డి ఉంటాయి. ఈ గుంటల్లో అంచు మీద చెట్లు, కిందికి దిగేకొద్దీ పొదలు, అడుగున ఒట్టి గడ్డి. చలి మడుగు ఎంత లోతో చెట్లే గీత గీసి చూపిస్తాయి. మీ లోయలోనూ పాత చెట్లు ఎక్కడ ఆగిపోయాయో, ఏ పల్లంలో గడ్డి ఒక్కటే ఉందో గమనించండి. ఏ మ్యాపూ చెప్పని సంగతి అది చెబుతుంది. వాలు పైన ఇంకా కరగని మంచు పట్టీ ఉంటే ఆ దారిన దిగే గాలి మరీ చల్లగా ఉంటుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల క్రితం గాలి ఆపుదామని తోట కింది గట్టు పొడవునా దట్టంగా కంచె మొక్కలు నాటాను. అవి బాగా పెరిగాయి, నేను మురిసిపోయాను. నాలుగో ఏడు వసంతంలో కంచె పక్కనున్న రెండు వరసల పీచ్ పూత మొత్తం రాలిపోయింది, పై వరసలకు ఏమీ కాలేదు. పైనుంచి పారిన చల్లగాలికి నేనే ఆనకట్ట కట్టాను! మర్నాడే కత్తి పట్టుకుని కంచెకు అడుగున మూడు చోట్ల మనిషి దూరేంత సందులు కొట్టాను. తర్వాత ఆ వరసలు మళ్లీ పై వరసలంత బాగా కాకపోయినా పర్వాలేదనిపించాయి. మీ తోటకు దిగువన గోడో, పొదో, ఎత్తు గట్టో ఉంటే ముందు దాన్ని చూడండి. ఎగువన ఉంటే ఉండనివ్వండి, ఎగువ కంచె చల్లగాలిని పక్కకు మళ్లిస్తుంది.

ఇప్పుడు యాప్ ఎందుకు గుడ్డిదవుతుందో తేలిగ్గా అర్థమవుతుంది. యాపులకు అంకెలిచ్చే కంప్యూటర్ వాతావరణ మోడళ్లు భూమిని గడులుగా విడగొట్టి లెక్క వేస్తాయి. పేరున్న ప్రపంచ మోడళ్లలో ఒక్కో గడి 9 నుంచి 13 కిలోమీటర్ల వెడల్పు. మీ లోయ, పక్క శిఖరం, ఆ మధ్య వాలు అన్నీ ఒకే గడిలో కలిసిపోతాయి. ఆ గడికి యాప్ అనుకున్న ఎత్తు మీ తోట ఎత్తు కాకపోవచ్చు. చాలా యాపుల్లో ఆ చోటి ఎత్తు ఎక్కడో చిన్నగా రాసి ఉంటుంది, వెతకండి. పగటి వేడికైతే వెయ్యి మీటర్లకు ఆరున్నర చొప్పున కలుపుకోవచ్చు, తీసేసుకోవచ్చు. తేట రాత్రికి మాత్రం ఆ లెక్క వాడకండి, పైన చెప్పినట్టు అది తలకిందులై ఉంటుంది.

దీనికి మందు చవకైన కనిష్ఠ థర్మామీటర్లు రెండు. ఒకటి తోటలో అన్నిటికన్నా పల్లంలో, మొక్క ఎత్తున, పైన ఏ కప్పూ లేకుండా ఆకాశం కనిపించేలా పెట్టండి. రెండోది వాలు పైభాగంలో అదే ఎత్తున. ఇంటి గోడకు తగిలించకండి, గోడ పగటి వేడిని రాత్రంతా వదులుతూ మీకు అబద్ధం చెబుతుంది. పెట్టే ముందు నీళ్లు కలిపిన ఐస్ ముక్కల గ్లాసులో ముంచి సున్నా చూపిస్తోందో లేదో పరీక్షించండి. ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ చూపేవి నేను చాలా చూశాను, ఈ పనిలో ఆ ఒక్క డిగ్రీయే ముఖ్యం. రోజూ యాప్ చెప్పిన కనిష్ఠం, మీ పల్లంలో వచ్చిన కనిష్ఠం, ఆ రాత్రి మబ్బా తేటా అని ఒక నోటుబుక్‌లో రాసుకోండి. ఒక్క సీజన్ చాలు. నా పల్లంలో తేట రాత్రి యాప్ అంకెలోంచి 5 తీసేస్తాను, మబ్బు రాత్రి ఒకటి తీసేస్తే సరిపోతుంది. మీ అంకె వేరుగా ఉంటుంది, నాది వాడకండి.

ఎంత చలికి ఏది పోతుందన్నది మొక్క వయసును బట్టి ఉంటుంది. టమాటా, బీన్స్, దోస, గుమ్మడి సున్నా దాటగానే పోతాయి. బంగాళాదుంప ఆకు మైనస్ 1, 2 దగ్గర మాడుతుంది కానీ మట్టిలో కన్ను బతికి మళ్లీ లేస్తుంది. క్యాబేజీ, బఠాణీ, ఉల్లి అంతకన్నా మొండివి. ఆపిల్‌కైతే మొగ్గ దశను బట్టి అంకెలున్నాయి. మొగ్గ అప్పుడే వెండి రంగు తేలినప్పుడు మైనస్ 9 దాకా అరగంట తట్టుకుంటుంది, పదో వంతు మాత్రమే పోతుంది. మొగ్గలు గుత్తిగా దగ్గరగా ఉన్నప్పుడు ఆ హద్దు మైనస్ 2.8. పూర్తిగా పూసినప్పుడు మైనస్ 2.2 దగ్గర పదో వంతు, మైనస్ 3.9 దగ్గర పదింట తొమ్మిది వంతులు పోతాయి. చూశారా, పూత దశలో పదో వంతు నష్టానికీ దాదాపు మొత్తం నష్టానికీ మధ్య దూరం రెండు డిగ్రీలు కూడా లేదు. అందుకే ఒకటి రెండు డిగ్రీల కోసం రాత్రంతా మేలుకుంటాం.

మైనస్ 1 దగ్గర కొన్ని మొక్కలు పోయి కొన్ని మిగలడం కూడా చూస్తారు. స్వచ్ఛమైన నీరు సున్నా దగ్గర గడ్డకట్టి తీరాలనేమీ లేదు, మొదటి స్ఫటికానికి ఏదో ఒక విత్తు దొరకాలి. ఆకుల మీద బతికే సూడోమోనాస్ సిరింజే అనే బ్యాక్టీరియా మైనస్ 2 లాంటి కొద్దిపాటి చలికే ఆ విత్తు పని చేసి పెడుతుంది. ఆ గుణం తీసేసిన రకాన్ని తయారుచేసి 1987లో కాలిఫోర్నియాలో స్ట్రాబెరీ పొలంలో చల్లి చూశారు. జన్యుమార్పిడి చేసిన జీవిని అనుమతితో బయట ప్రకృతిలోకి వదలడం అదే మొదలు. పెద్ద గొడవే అయింది. రైతు చేతికి మాత్రం ఆ మందు రాలేదు. ఫ్రాస్ట్‌ను ఆపే స్ప్రే అంటూ ఎవరైనా అమ్మజూపితే నేనైతే డబ్బు పెట్టను.

ఎన్నాళ్లు భయపడాలి అన్నారు. మధ్య ఐరోపాలో మే 11 నుంచి 15 దాకా ‘మంచు సాధువుల’ రోజులని, అవి దాటాకే లేత నారు నాటాలని పాత మాట. అక్కడి రైతులు ఇప్పటికీ పాటిస్తారు. అయితే ఆ మాట పుట్టింది పాత క్యాలెండర్ కాలంలో. 1582లో క్యాలెండర్ సరిచేసినప్పుడు పది రోజులు దూకేశారు కాబట్టి అసలు ఉద్దేశం మే మూడో, నాలుగో వారమై ఉండాలి. కచ్చితంగా ఆ ఐదు రోజులకే చలి తిరిగి వస్తుందనడానికి లెక్కలు పెద్దగా బలం ఇవ్వవు. కానీ వెచ్చబడ్డాక కూడా ఒకసారి చలి వెనక్కి చూస్తుందన్న పరిశీలన నిజమే. మీ ప్రాంతానికి ‘సగటు చివరి ఫ్రాస్ట్ తేదీ’ ఏదైనా దొరికితే దాని అర్థం జాగ్రత్తగా తీసుకోండి. ఆ తేదీ తర్వాత కూడా దాదాపు సగం ఏళ్లలో ఫ్రాస్ట్ వచ్చిందని దాని అర్థం. నేను దానికి రెండు వారాలు కలుపుతాను, పల్లపు మడికైతే ఇంకొక వారం.

భూమి వేడెక్కుతోంది కదా, ఈ బెడద తగ్గాలి కదా అని చాలామంది అడుగుతారు. తగ్గాలి, కానీ మొగ్గలు కూడా ముందే విచ్చుకుంటున్నాయి. 2021లో ఫ్రాన్స్‌లో మార్చి చివర రికార్డు ఎండలు కాసి ద్రాక్ష, పండ్ల చెట్లు తొందరపడి చిగురించాయి. ఏప్రిల్ 6 నుంచి 8 దాకా వచ్చిన చలికి అవన్నీ దొరికిపోయాయి. తర్వాత శాస్త్రవేత్తలు లెక్కగట్టి, అంత చలి రావడం మునుపటికన్నా అరుదైనా, చిగురు వేశాక అలాంటి చలి పడే అవకాశం మాత్రం సుమారు 60 శాతం పెరిగిందని తేల్చారు. 2007లో అమెరికా తూర్పు భాగంలోనూ ఇదే జరిగింది. వెచ్చటి మార్చి, ఏప్రిల్ మొదటి వారంలో గడ్డకట్టే చలి, 200 కోట్ల డాలర్లకు పైగా పంట నష్టం. కాబట్టి వసంతం తొందరగా వచ్చిన ఏడు సంతోషపడకండి, ఆ ఏడే ఎక్కువ టెన్షన్ పడాలి.

ఏం చేయాలన్నదానికి వద్దాం. సగం పని పగలే అయిపోవాలి. నేలే మీ పొయ్యి. తడి నేల పగటి వేడిని బాగా పట్టి రాత్రి వదులుతుంది, పొడి గుల్ల మట్టి పట్టలేదు. ఒకటి రెండు రోజుల ముందే పై అడుగు లోతు తడిసేలా నీళ్లు పెట్టండి. వాన పడి ఉంటే ఆ పని అయినట్టే. చెట్ల కింద గడ్డి పెరిగి ఉంటే నేల దాకా కోసేయండి. పరిచిన ఎండుగడ్డి, ఆకుల పొర ఉంటే ఆ కొద్ది రోజులకు పక్కకు లాగేయండి, అది నేల వేడిని కింద బంధించేస్తుంది. అప్పుడే దున్నకండి, పారతో కదిలించకండి. ఈ పనులతో ఒక డిగ్రీ, మహా అయితే రెండు దొరుకుతాయి. పైన పూత అంకెలు చూశారు కాబట్టి ఆ ఒక్క డిగ్రీ విలువ చెప్పక్కర్లేదు.

చిన్న మొక్కలకు కప్పడమే ఉత్తమం. పొద్దు గూకక ముందే కప్పాలి, నేలలో వేడి ఇంకా ఉండగానే. కప్పు అంచులు నేలను తాకాలి. పైన గొడుగులా వేలాడదీసి కింద వదిలేస్తే లాభం సగమే. పాత దుప్పటి, గోనెపట్టా, తోటల్లో వాడే తెల్లటి నాన్‌వోవెన్ గుడ్డ ఏదైనా పనికొస్తుంది. పలచటి పాలిథిన్ షీటు ఒక్కటే నమ్ముకోకండి, నేల వేడి దానిలోంచి చాలావరకు బయటికి పోతుంది, పైగా ఆకుకు అంటుకున్న చోట ఆకు మాడుతుంది. కర్రలు పాతి మొక్కకు తగలకుండా కట్టండి. పగలు ఎండలో పెట్టిన నీళ్ల సీసాలు మొక్కల మధ్య ఉంచితే చిన్న మడికి పనికొస్తాయి. పొద్దున ఎండ పడ్డాక తీసేయడం మర్చిపోకండి, లేదంటే చలికి దక్కినవి ఉక్కకు పోతాయి.

చెట్లకు నీళ్ల స్ప్రింక్లర్ వాడదామా అని అడిగారు. పనిచేస్తుంది, కానీ సగం సగం చేస్తే చేయకపోవడం కన్నా ఘోరం. గ్రాము నీరు గడ్డకడుతూ 334 జౌళ్లు ఇస్తుంది. అదే గ్రాము ఆవిరైతే 2,500 జౌళ్లు లాక్కుంటుంది. అంటే ఒక్క గ్రాము ఆవిరి కాజేసిన వేడి పూడ్చాలంటే ఏడెనిమిది గ్రాములు గడ్డకట్టాలి. నీళ్లు ఆగకుండా పడుతున్నంతసేపూ మొగ్గ చుట్టూ ఉన్న గడ్డ సున్నా దగ్గరే నిలుస్తుంది, లోపల మొగ్గ క్షేమం. తెల్లవారుజామున నాలుగింటికి ట్యాంకు అయిపోయిందో, మోటారు ఆగిందో, తడి చెట్టు పొడి చెట్టుకన్నా ఎక్కువ చల్లబడుతుంది. గంటకు 3 నుంచి 5 మిల్లీమీటర్ల నీరు కావాలి. 3 మిల్లీమీటర్లన్నా హెక్టారుకు గంటకు 30,000 లీటర్లు. ఆరేడు గంటలకు గుణించుకోండి. పొడి గాలైతే 2, 3 డిగ్రీలు ఉండగానే మొదలుపెట్టాలి, పొద్దెక్కి గడ్డ దానంతటదే కరిగి రాలేదాకా ఆపకూడదు. కట్టిన గడ్డ అద్దంలా ఉంటే నీరు సరిపోతోందని, పాలలా తెల్లగా ఉంటే చాలట్లేదని గుర్తు. గాలి వీస్తున్న రాత్రి అసలు మొదలుపెట్టకండి. అంత నీళ్లు మీ దగ్గర ఉన్నట్టు మీ ప్రశ్నలో కనబడలేదు, కాబట్టి ఈ దారి వదిలేయమనే అంటాను.

పెద్ద తోటల్లో స్తంభాల మీద ఫ్యాన్లు పెడతారు. తలపైన పది పదిహేను మీటర్ల ఎత్తున తేలుతున్న వెచ్చటి గాలిని కిందికి కలుపుతాయి. పైన వెచ్చదనం ఉన్న రాత్రే పని చేస్తాయి, పది చెట్లకు ఎవరూ పెట్టరు.

పొగ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. తడి ఆకులు, టైర్లు కాల్చి తోటంతా పొగ పెడితే దుప్పటి కప్పినట్టు ఉంటుందని చాలా చోట్ల నమ్మకం. పొగ రేణువు చాలావరకు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్నది. నేల వదిలే వేడి తరంగం పది మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. దానికి పొగ అడ్డమే కాదు. మబ్బు ఆపుతుంది, ఎందుకంటే మబ్బులోని నీటి బిందువులు అంతకన్నా చాలా పెద్దవి. పొగ వల్ల మీ కళ్లు మండుతాయి, పొద్దున్నే రావాల్సిన ఎండను కూడా అది ఆపుతుంది. లాభం ఏదైనా ఉంటే నిప్పు వేడిది. అదీ చిన్న చిన్న మంటలు చాలా ఉంటేనే. ఒక్క పెద్ద మంట పెడితే దాని వేడి గాలి పైన తేలుతున్న వెచ్చటి పొరను చీల్చుకుని పైకి పోయి, చుట్టూ ఉన్న చల్లగాలిని లోపలికి లాగుతుంది.

రాత్రంతా కాపలా ఉండాల్సిన పనీ లేదు. సాయంత్రం ఉష్ణోగ్రత పడిపోయే జోరు చూసి భయపడతారు కానీ అది మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా దిగుతుంది. అట్టడుగు వచ్చేది సూర్యోదయం వేళకి, కొన్నిసార్లు ఆ తర్వాత కొద్ది నిమిషాలకు. నేను పదింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి చూసి, నాలుగింటి నుంచి మేలుకుంటాను. మధ్యలో మబ్బు కమ్మితే ఒక గంటలోనే రెండు మూడు డిగ్రీలు లేస్తుంది. ఆ రోజు హాయిగా మళ్లీ దుప్పటి కప్పుకోవచ్చు.

ఇక ఇప్పుడు మీ చేతిలో ఉన్న తోట. ఏదీ వెంటనే కత్తిరించకండి. ఆపిల్ పూలు బయటికి తెల్లగా నవ్వుతూనే లోపల చచ్చి ఉండవచ్చు. మధ్యాహ్నం దాకా ఆగి, వేర్వేరు కొమ్మల నుంచి, కింది నుంచి పై దాకా పది పదిహేను పూలు కోసి బ్లేడుతో నిలువుగా చీల్చండి. నడుమ ఆకుపచ్చగా ఉంటే బతికుంది, గోధుమ రంగో నలుపో ఉంటే పోయింది. ఆపిల్‌కు మామూలు కాపు రావడానికి పూసిన పూలన్నీ నిలబడాల్సిన అవసరం లేదు, కొద్ది భాగం నిలిచినా చాలు. కాబట్టి సగం నల్లగా కనిపించినా చెట్టు వదులుకోకండి. బంగాళాదుంప పైభాగం మాడినా పీకకండి, రెండు మూడు వారాల్లో కింది నుంచి చిగురిస్తుంది. ఆ లోపు ఎరువు కుమ్మరించకండి, అలా వచ్చే లేత చిగురు తర్వాతి చలికి మరీ సులువుగా దొరుకుతుంది.

టమాటా మాత్రం పోయినట్టే. కాండం మొదట్లో గోటితో గీరి చూడండి, పచ్చదనం ఉంటే వారం ఆగొచ్చు, లేకపోతే పీకేయండి. కొత్త నారు ఆ కింది మడిలో పెట్టకండి. ఈసారి దాన్ని వాలు పైభాగానికి మార్చి, పల్లంలో క్యాబేజీ వేయండి. నారు నాటే ముందు వారం రోజులు పగలు బయట, రాత్రి లోపల ఉంచి కాస్త గట్టిపరచండి. థర్మామీటర్ మాత్రం ఈ రాత్రే పల్లంలో పెట్టేయండి. ఈ వారం మళ్లీ వాన సూచన ఉందని రాశారు కదా, అది వెలిసేది ఏ రోజో చూసి గుడ్డలు, కర్రలు ముందే తోటలో పెట్టుకోండి.